కాలనీ మూల మీద చెత్త కుప్ప: కెమెరా పెట్టాలా, ఫైన్ వేయించాలా, చెత్త బండి టైమ్ మార్పించాలా?

కాలనీలో ఖాళీ ప్లాట్ దగ్గరో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనో చెత్త కుప్ప మొదలైతే అసోసియేషన్ గ్రూపులో వచ్చే మొదటి సలహా సీసీ కెమెరా, రెండోది ఫైన్, మూడోది గోడ మీద దేవుడి బొమ్మలు. ఈ మూడూ మా ఉప్పల్ వైపు ఏదో ఒక సందులో చేసి చూసినవే, కొన్ని మా దగ్గర, కొన్ని పక్క కాలనీల్లో, అందుకే ఏది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ డబ్బులు దండగ అనేది ఒకచోట రాస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, కుప్పలో ఉన్నది ఇళ్ల చెత్త అయితే నా ఓటు చెత్త బండి టైమింగ్‌కి, కెమెరాకి కాదు. అదే హోటల్ చెత్తో మల్బానో (ఇల్లు రిపేర్ చేసినప్పుడు వచ్చే శిథిలాలు) అయితే లెక్క వేరే, అక్కడ కెమెరా, ఫైన్ రెండూ కావాలి. అసలు గొడవంతా ఎక్కడంటే మనం కుప్పలో ఏముందో చూడకుండానే వైద్యం మొదలుపెట్టేస్తున్నాం.

ముందు ఆ కుప్పలో ఏముందో చూడండి

ఇది ఎవరికీ ఇష్టం ఉండదు, నాకు తెలుసు. కానీ దీనికి ఖర్చు ఒక జత గ్లౌజులు, ఒక కర్ర, అంతే. పొద్దున్నే కామాటీలు (మున్సిపల్ ఊడ్చేవాళ్లు) వచ్చి ఎత్తకముందే వెళ్లి చూడండి. చిన్న చిన్న కవర్లు ముడేసి ఉండి, లోపల కూరగాయల తొక్కలు, టీ పొడి, డైపర్లు, పాల ప్యాకెట్లు ఉంటే అది ఇళ్ల నుంచి వచ్చింది. వాటిలోనే ఫుడ్ పార్సిల్ బిల్లులు, కొరియర్ కవర్ల మీద స్టిక్కర్లు దొరుకుతాయి, వాటి మీద ఫ్లాట్ నంబర్‌తో సహా ఉంటుంది. వాటిని ఫోటో తీసి గ్రూపులో పెట్టడానికి కాదు నేను చెప్పేది, ఏ సందు నుంచి, ఏ అపార్ట్‌మెంట్ నుంచి ఎక్కువ వస్తుందో అర్థం కావడానికి. ఒక బిల్డింగ్ నుంచే పది కవర్లు వస్తున్నాయంటే అక్కడ చెత్త బండి ఆగట్లేదనో, వాచ్‌మన్ లేడనో, కింద డబ్బా తీసేశారనో ఏదో ఒక కారణం ఉంటుంది.

పెద్ద నల్ల కవర్లు, డిస్పోజబుల్ ప్లేట్లు, మిగిలిపోయిన కూర, అన్నం, కోడి ఈకలు, కొబ్బరి బోండాలు కనిపిస్తే అది కర్రీ పాయింట్, చికెన్ షాప్, హాస్టల్, తోపుడు బండి, వీటిలో ఏదో ఒకటి. ఇటుక ముక్కలు, టైల్స్, పాత కమోడ్, సిమెంట్ బస్తాల్లో మట్టి, అది మల్బా, ఇల్లు రిపేర్ చేయించుకున్నవాళ్లది. పరుపులు, విరిగిన సోఫా, బట్టల మూటలు నెలాఖరులో వస్తాయి, ఇల్లు ఖాళీ చేసి వెళ్లేవాళ్లవి.

ఏముందో తెలిశాక ఏ టైమ్‌లో పడుతుందో తెలుసుకోండి. దీనికి కూడా కెమెరా అక్కర్లేదు, ఎదురింటి వాచ్‌మన్, తెల్లవారుజామున పాలు వేసే అబ్బాయి, రాత్రి పదకొండు దాకా తెరిచి ఉండే పాన్ షాప్ ఆయన, వీళ్ల ముగ్గురినీ అడిగితే చాలు. ఇళ్ల చెత్త దాదాపు ఎప్పుడూ పొద్దున ఆఫీస్‌కి వెళ్లే టైమ్‌లో బైక్ ఆపకుండా విసిరేదే, లేదా రాత్రి భోజనాల తర్వాత. హోటల్ చెత్త షట్టర్ దించాక. మల్బా అర్ధరాత్రి ట్రాక్టర్‌లో.

ఇళ్ల చెత్త అయితే: బండి టైమ్ వర్సెస్ మళ్లీ కుండీ వర్సెస్ కెమెరా

హైదరాబాద్‌లో 2015లో స్వచ్ఛ ఆటోలు వచ్చాయి, ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకెళ్లడం మొదలైంది, ఆ తర్వాత రోడ్ల మీద పెద్ద కుండీలు ఒక్కొక్కటే తీసేశారు. ఆలోచన మంచిదే. కుండీ ఉంటే దాని చుట్టూ కుప్ప, కుక్కలు, ఆవులు. కానీ కుండీ తీసేసినంత మాత్రాన అక్కడ పారేసే అలవాటు పోలేదు, పైగా ఆటో పొద్దున పదకొండుకి వస్తే ఎనిమిదిన్నరకే తాళం వేసి వెళ్లిపోయే భార్యాభర్తలు ఏం చేస్తారు? రెండు రోజులు ఇంట్లో దాచుకుంటారు, మూడో రోజు వాసనొచ్చి దారిలో పడేస్తారు. బ్యాచిలర్స్ ఉండే పోర్షన్లు, పెంట్‌హౌస్ రూములు, వెనక సందులో ఉన్న రేకుల ఇళ్లు, వీటి దగ్గరికి ఆటో అసలు వెళ్లదు, సందు ఇరుకు, లేదంటే నెలకి ఇచ్చే వంద వాళ్లు ఇవ్వట్లేదని డ్రైవర్ మానేస్తాడు. డ్రైవర్‌ని తిట్టి కూడా లాభం లేదు, అతనికి ఇళ్ల నుంచి వచ్చే ఆ డబ్బుల మీదే డీజిల్, బండి రిపేరు, సంపాదన అన్నీ నడవాలి.

అందుకే నేను ముందు చేయమనేది ఇది. మీ సందుకి వచ్చే ఆటో డ్రైవర్‌ని కూర్చోబెట్టి మాట్లాడండి, ఏ ఇళ్లు డబ్బులు ఇవ్వట్లేదు, ఏ సందులోకి బండి పట్టదు, ఎక్కడ తాళాలు ఉంటాయి అని. ఆయన దగ్గర ఉన్నంత సమాచారం ఏ ఆఫీసులోనూ ఉండదు. తర్వాత మూడు మార్పులు అడగండి: ఆఫీసులకి వెళ్లేవాళ్లు ఎక్కువున్న సందుకి బండి ఏడున్నర లోపు రావాలి, బండి పట్టని సందు మొదట్లో రోజూ ఒకే టైమ్‌కి పది నిమిషాలు ఆగాలి, తాళం వేసి వెళ్లేవాళ్లు గేటు లోపల మూత ఉన్న డబ్బా పెడితే దాన్ని తీసుకోవాలి. బదులుగా అసోసియేషన్ తరఫున ఆ డబ్బులు ఇవ్వని ఇళ్ల నుంచి వసూలు చేసి పెట్టే బాధ్యత మీరు తీసుకోండి, నిజంగా ఇవ్వలేని ఇళ్లు నాలుగైదు ఉంటే అసోసియేషన్ ఫండ్ నుంచి కట్టేయండి, నెలకి నాలుగైదు వందలు అంటే కెమెరా సిమ్ రీచార్జికి అటు ఇటుగా అంతే అవుతుంది. మా పక్క సందులో కుప్ప సగానికి పైగా తగ్గింది ఒక్క బండి టైమ్ మారడం వల్లే, అక్కడ ఎవరికీ ఫైన్ పడలేదు, ఎవరితోనూ గొడవ అవ్వలేదు.

మన తెలుగు ఊళ్లలోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. 2000ల మొదట్లో సూర్యాపేట మున్సిపాలిటీ, కమిషనర్‌గా ఖాదర్ సాహెబ్ ఉన్నప్పుడు, కుండీలే లేని ఊరుగా పేరు తెచ్చుకుంది. ట్రాక్టర్లు ఇంటింటికీ తిరిగి తడి పొడి వేరుగా తీసుకోవడం, తడి చెత్తతో వానపాముల ఎరువు, పొడి చెత్త అమ్మడం, ఇదంతా పెద్ద మెషిన్లు లేకుండా చేశారు. అక్కడ కుండీలు తీసేయడం పనిచేసింది ఎందుకంటే తీసేసినచోట బండి నమ్మకంగా వచ్చింది. బండి సరిగా రాని చోట కుండీ తీసేస్తే ఆ చెత్తంతా నేల మీదకి వస్తుంది.

మరి కుండీ మళ్లీ పెట్టించుకుంటే? కొందరు పెద్దవాళ్లు గట్టిగా ఇదే అడుగుతారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. నా సలహా, కాలనీ లోపల వద్దు. రైతు బజార్, బస్టాప్, హాస్టల్ సందు లాంటి చోట, రోజుకి రెండుసార్లు ఎత్తే గ్యారంటీ ఉంటేనే అడగండి. లేకపోతే మూడో రోజుకల్లా అది పొంగుతుంది, పక్కింటివాళ్లు మిమ్మల్ని తిట్టుకుంటారు.

కెమెరా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బులు ఎక్కువ పోయేది ఇక్కడే. సోలార్ ప్యానెల్, 4జీ సిమ్ ఉన్న కెమెరా ఒకటి ఆరేడు వేల నుంచి మొదలవుతుంది, ఫిట్టింగ్, పోల్, నెలనెలా డేటా రీచార్జి వేరే. పెట్టాక రోజూ ఫుటేజీ ఎవరు చూస్తారు? మొదటి వారం అందరూ చూస్తారు, తర్వాత ఎవరూ చూడరు. హెల్మెట్ పెట్టుకుని బైక్ మీద వెళ్తూ విసిరేవాడి ముఖం కనపడదు, రాత్రిపూట హెడ్‌లైట్ పడితే నంబర్ ప్లేట్ తెల్లగా మెరిసిపోతుంది. నంబర్ చదవాలంటే కెమెరా కింద, పక్క నుంచి, రోడ్డుకి దగ్గరగా ఉండాలి, మనవాళ్లు పోల్ పైన కట్టి వదిలేస్తారు. ఇళ్ల చెత్తకి కెమెరా పెడితే ఇంకో సమస్య, అందులో దొరికేది చాలాసార్లు పనిమనిషి, లేదా వాచ్‌మన్ భార్య. ఆవిడ చేతికి కవర్ ఇచ్చి వెళ్లేటప్పుడు పడేయమ్మా అన్నది ఇంటావిడ. వీడియో గ్రూపులో తిరిగితే పని పోయేది పనావిడకే. ఇలా జరిగినచోట చూశాను, చాలా బాధేసింది, చెత్త మాత్రం వారం తర్వాత మామూలే. దయచేసి ముఖాలు కనపడే వీడియోలు గ్రూపులో పెట్టకండి, ఆ ఇంటికి వెళ్లి ఓనర్‌తో నేరుగా మాట్లాడండి, ముప్పావు వంతు మంది అక్కడే ఆగిపోతారు.

కెమెరా కంటే ముందు ఒక లైటు పెట్టి చూడండి, నిజంగా. వెయ్యి, పన్నెండు వందల్లో ఎల్ఈడీ ఫ్లడ్ లైట్ వస్తుంది, కరెంటు ఎదురింటివాళ్లు ఇవ్వడానికి ఒప్పుకోవాలి అంతే, లేదా చెడిపోయిన వీధి దీపం బాగు చేయించుకుంటే అదీ అక్కర్లేదు. చెత్త కుప్పలు పెరిగే చోట్లు ఎక్కువ భాగం చీకటి మూలలే, ఒకసారి మీ ఏరియా చుట్టూ రాత్రి తిరిగి చూడండి.

దేవుడి బొమ్మలు, ముగ్గు, మొక్కలు

దేవుడి టైల్స్ విషయంలో నా మాట కొంతమందికి నచ్చకపోవచ్చు. గోడ దగ్గర మూత్రం పోయడం ఆపడానికి అవి కొంచెం పనిచేస్తాయేమో, చెత్తకి మాత్రం కాదు, రెండడుగులు పక్కకి జరిగి పడేస్తారు. తర్వాత ఆ బొమ్మల చుట్టూనే కుప్ప పెరిగి, కుక్కలు లాగి, చూడలేని పరిస్థితి. మనం దండం పెట్టుకునే రూపాన్ని చెత్త పక్కన కాపలా పెట్టడం నాకు మనసొప్పదు.

అదే స్థలాన్ని శుభ్రం చేసి వాడుకలోకి తేవడం వేరే సంగతి. బెంగళూరులో 2010 నుంచి ది అగ్లీ ఇండియన్ అనే గ్రూపు వాళ్లు పేర్లు బయటపెట్టకుండా ఇదే చేస్తున్నారు, ఒక స్పాట్ తీసుకుని చెత్త ఎత్తడం, గోడ కింది భాగం ఎర్రమట్టి రంగు వేయడం, కుండీల్లో మొక్కలు, కూర్చోడానికి బల్ల. జీహెచ్ఎంసీ, అంటే హైదరాబాద్ కార్పొరేషన్, శానిటేషన్ వాళ్లు కూడా కుప్ప ఎత్తేశాక అక్కడ ముగ్గు వేసి వెళ్లడం మీలో చాలామంది చూసే ఉంటారు. ముగ్గు ఒక్కటే అయితే ఒకరోజు ముచ్చట. కానీ ముగ్గు వేసిన తర్వాత రెండు మూడు వారాలు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఎవరో ఒకరు అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటే బలంగా పనిచేస్తుంది. రిటైర్ అయినవాళ్లు, వాకింగ్ బ్యాచ్ వాళ్లు వంతులు వేసుకుంటే కష్టం కాదు. గొడవ పెట్టుకోకూడదు, కవర్‌తో వచ్చినవాళ్లకి బండి టైమ్ చెప్పి వెనక్కి పంపడమే పని. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, బండి టైమ్ సరిచేయకుండా మొక్కలు పెడితే ఆ మొక్కల మీదే పడేస్తారు.

హోటళ్లు, చికెన్ షాపులు, హాస్టళ్లు అయితే

ఇక్కడ నేను బతిమాలుకునే పద్ధతి వద్దంటాను. ఇది తెలియక చేసేది కాదు, చెత్త తీసుకెళ్లడానికి ఇవ్వాల్సిన డబ్బులు మిగుల్చుకోవడానికి చేసేది. ఒకసారి వెళ్లి మర్యాదగా చెప్పండి, వినకపోతే ఫైన్ దాకా వెళ్లండి. రోడ్డు మీద, నాలాలో, చెరువులో చెత్త వేయకూడదని 2016 ఘన వ్యర్థాల రూల్స్ నుంచే స్పష్టంగా ఉంది, స్పాట్ ఫైన్ వేసే అధికారం కార్పొరేషన్‌కి ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త రూల్స్ అమల్లోకి వచ్చాయి, తడి, పొడితో పాటు శానిటరీ చెత్త, స్పెషల్ కేర్ చెత్త (బల్బులు, పాత మందుల్లాంటివి) అని నాలుగు రకాలుగా వేరు చేసి ఇవ్వాలి.

ఫిర్యాదు మామూలుగా పెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు, కుప్ప ఎత్తేసి ఫోటో పెట్టి కంప్లైంట్ క్లోజ్ చేస్తారు, మర్నాటికి మళ్లీ కుప్ప. ఇది మాకు కూడా మళ్లీ మళ్లీ అయింది, ఎత్తిన ఫోటో పొద్దున వస్తే సాయంత్రానికి అక్కడే చెత్త. కాబట్టి కంప్లైంట్‌లో చెత్త ఎత్తండి అని రాయకండి, ఫలానా షాప్ వాళ్లు ఫలానా టైమ్‌కి వేస్తున్నారు, చలాన్ వేయండి అని రాయండి, మూడు వేర్వేరు రోజుల ఫోటోలు టైమ్‌తో సహా పెట్టండి. కార్పొరేషన్ యాప్‌లో గానీ, కాల్ సెంటర్ 040-21111111కి ఫోన్ చేసి గానీ కంప్లైంట్ నంబర్ తీసుకుని, ఆ నంబర్లు అన్నీ ఒక కాగితం మీద రాసి మీ సర్కిల్ ఆఫీసులో మెడికల్ ఆఫీసర్‌కి చేతికివ్వండి, సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇంకో కాపీ. షాప్‌కి ట్రేడ్ లైసెన్స్ ఇచ్చేది కూడా కార్పొరేషనే, ఆ మాట కాగితంలో ఉంటే కదలిక వేరేగా ఉంటుంది. కెమెరా పనికొచ్చేది ఇక్కడే, ఎందుకంటే వేసేది ఒకరిద్దరు, రోజూ ఒకే టైమ్‌కి, ఒక వారం ఫుటేజీ చాలు.

బెంగళూరులో 2025 అక్టోబర్‌లో చెత్త వేసినవాళ్ల ఇంటి ముందే ఆ చెత్త తెచ్చి పోసి ఫైన్ వేశారు, వీడియోలు తెగ తిరిగాయి, మన గ్రూపుల్లో కూడా మనమూ అలా చేద్దాం అన్నారు. అక్కడ చేసింది కార్పొరేషన్ తరఫున పనిచేసే సంస్థ, వాళ్లకి అధికారం ఉంది. మనం చేస్తే మనం కూడా రోడ్డు మీద చెత్త వేసినవాళ్లమే అవుతాం, దెబ్బలాట అయితే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. వద్దు.

మల్బా, ఖాళీ ప్లాట్

మల్బాకి రేటు తేడానే కారణం. ఇల్లు రిపేర్ చేయించేవాళ్లు మేస్త్రీకి తీసేయమని చెప్పి వదిలేస్తారు, మేస్త్రీ తక్కువకి వచ్చే ట్రాక్టర్‌ని పిలుస్తాడు, ట్రాక్టర్ వాడు దగ్గర్లో ఉన్న ఖాళీ ప్లాట్‌లోనో చెరువు గట్టు మీదో దించి వెళ్తాడు. హైదరాబాద్‌లో జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఈ శిథిలాలని పిండి చేసి ఇసుక, కంకర లాగా మార్చే ప్లాంట్లు ఉన్నాయి, టన్నుకి ఇంత అని కట్టి బుక్ చేసుకుంటే వచ్చి తీసుకెళ్తారు. అసోసియేషన్ చేయగలిగిన మంచి పని ఏంటంటే కాలనీలో ఎవరు రిపేర్ మొదలుపెట్టినా మొదటి రోజే వెళ్లి మల్బా ఎక్కడికి వెళ్తుంది, రసీదు చూపించండి అని అడగడం. పోసేశాక ట్రాక్టర్‌ని వెతకడం కంటే ఇది పది రెట్లు సులువు.

ఖాళీ ప్లాట్ ఓనర్ ఊళ్లో ఉండడు, ఇదే పెద్ద చిక్కు. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటారు, మనవాళ్లే. ఓనర్‌ని పట్టుకుని పరిస్థితి ఫోటోలతో పంపితే చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే ప్లాట్ ముందు కుప్ప ఉంటే అమ్ముడుపోదు, ఖాళీ స్థలానికి ట్యాక్స్ మాత్రం ఏటా కట్టాలి. ప్రీకాస్ట్ గోడ మంచిది గానీ ఖర్చెక్కువ, గ్రీన్ షీట్ చౌక గానీ వర్షాకాలం దాటదు, మధ్యలో రేకులు. ఏది పెట్టినా ఎత్తు ఆరడుగులు తగ్గకూడదు, తక్కువుంటే పైనుంచి విసురుతారు, లోపల పడింది ఎత్తేవాళ్లు కూడా ఉండరు, టైర్లలో, బోండాల్లో నీళ్లు నిలిచి డెంగీ దోమలకి అదే ఇల్లు. గోడ కట్టేముందు లోపల మొత్తం శుభ్రం చేయించండి.

ఏదీ కదలకపోతే

కోర్టు దాకా వెళ్లాలా అని అడిగేవాళ్లకి ఒక మాట. పబ్లిక్ న్యూసెన్స్‌కి భారతీయ న్యాయ సంహిత 292 ప్రకారం ఫైన్ వెయ్యి రూపాయల లోపే, దానికోసం కేసు పెట్టి తిరగడం దండగ. దానికంటే భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 152 మంచి దారి, పాత సీఆర్‌పీసీ 133 అదే, ఆర్డీఓ లాంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి అర్జీ పెట్టుకుంటే న్యూసెన్స్ తొలగించమని ఆర్డర్ ఇవ్వచ్చు, మున్సిపాలిటీకి కూడా. 1980లో మధ్యప్రదేశ్ రత్లాం ఊరి కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ ఈ సెక్షన్ కిందే చెప్పారు, డబ్బుల్లేవు అన్నది మున్సిపాలిటీకి సాకు కాదని. ఆ కేసు పెట్టింది మనలాంటి ఒక వార్డు జనమే. ఇంకోటి, కుప్పకి నిప్పు పెట్టేవాళ్లు ఉంటే అది వెంటనే కంప్లైంట్ చేయండి, ఎన్‌జీటీ (నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్) 2016 డిసెంబర్ ఆర్డర్ ప్రకారం బయట చెత్త కాల్చితే 5,000, పెద్ద మొత్తంలో అయితే 25,000 ఫైన్. ప్లాస్టిక్ పొగ పీల్చేది పక్కింటి పసిపిల్లలే. చాలాసార్లు కాల్చేది ఊడ్చేవాళ్లే, ఎత్తడానికి బండి రాక, కాబట్టి ఆ మనిషి మీద కాకుండా బండి పంపని ఆఫీసు మీద కంప్లైంట్ పెట్టండి.

పది వేలే ఉన్నాయి, దేనికి పెట్టాలి అంటే

మిక్స్‌డ్ కుప్ప, అంటే ఇళ్లదీ షాపులదీ కలిసి ఉన్నది, మన దగ్గర ఎక్కువ ఇదే. నేనైతే ముందు లైటుకి పన్నెండు వందలు, బండి టైమ్‌తో పెద్ద బోర్డుకి వెయ్యి, మూత డబ్బాలు కొనలేని ఇళ్లకి డబ్బాలకి రెండు వేలు, డబ్బులు కట్టలేని ఇళ్ల తరఫున చెత్త బండికి ఆర్నెల్లకి మూడు వేలు. మిగిలిన రెండు వేల ఎనిమిది వందల్లో ఒక శుభ్రం చేసే రోజుకి జేసీబీ గంట, కామాటీలకి టిఫిన్, గ్లౌజులు. కెమెరా ఇందులో లేదు, షాపుల సంగతి తేల్చడానికి ఎదురింటివాళ్ల గేటు కెమెరా ఉంటే దాన్నే ఒక వారం ఇటు తిప్పమని అడగండి. బోర్డు మీద ఇక్కడ చెత్త వేయరాదు అని మాత్రం రాయించకండి, ఆ ముక్క చదివి మానేసినవాళ్లని నేను చూడలేదు. బండి ఏ టైమ్‌కి, ఎక్కడ ఆగుతుంది, డ్రైవర్ రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి తెలుగులో, హిందీలో, పెద్ద అక్షరాల్లో రాయించండి. అద్దెకి కొత్తగా దిగినవాళ్లకి ఇదే సమాచారం ఓనర్ తాళం చేతికిచ్చేటప్పుడే చెప్పేలా చూడండి, ఎందుకంటే కొత్తగా దిగినవాళ్లు మొదటి వారంలో చెత్త ఎక్కడ వేస్తారో ఖాళీ చేసేదాకా అక్కడే వేస్తారు.